ఎడమ చెవి మీది మచ్చ

సుల్తానాబాద్,
14-6-1961.

అక్కకు జనార్దన్ నమస్కారాలు.

ఈ ఉత్తరం నీ చేతికి రాకముందే బావగారు చదువుతరు కాబట్టి ముందుగా వారికి దండం. హెడ్మాస్టరు పని నుంచి దిగినా వారి ఎర్రసిరా మాత్రం దిగలేదని నీ కిందటి ఉత్తరం చూస్తేనే తెలిసింది. నువ్వు రాసిన నాలుగు వరుసలల్ల ఏడుచోట్ల ఒత్తులు దిద్ది పోస్టుల వేసిండ్రు. దీంట్ల తప్పులుంటే ఇది కూడ దిద్దుకోమను.

భయపడకుండ చదువు. రెండేండ్ల సంది నాకు తలనొప్పి అని నీకు తెలుసు. ఉగాది దాటినంక కుడిచెయ్యి మొరాయించుడు మొదలుపెట్టింది. రాస్తుంటే వేళ్లు వాటంతట అవే కొట్టుకుంటయి, కలం జారిపోతది. కిందటి నెల తహసీల్ కచేరీల అందరి ముందట చెయ్యి కొట్టుకొని, మూతి ఒక పక్కకు పోయి, కొంత సేపు మాట పడిపోయింది. కరీంనగర్ డాక్టరు చూసి హైదరాబాదుకు చిట్టీ రాసిచ్చిండు. అక్కడి పెద్ద దవాఖానల తలకు ఫొటోలు తీసిండ్రు. ఎడమ దిక్కు లోపల ఏదో గడ్డ ఉన్నదట. తల ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుగారు వచ్చే నెల మూడో తారీఖుకు రమ్మన్నరు.

కచేరీ పనులకు నా వెంట తిరిగే మన సుంకరి అంతయ్య ఆ ఫొటోను ఎండకు పట్టి చూసి, "దొరా, గిది మనూరి నక్ష లెక్కనే ఉన్నది. గీ నల్లగున్నదేమో చెరువు" అన్నడు. నాకు నవ్వొచ్చింది, నీ మరదలికి ఏడుపొచ్చింది.

ఇప్పుడు నీతో పని. రోగం కథ మొదటి సంది రాసుకొని రమ్మన్నరు. ఎప్పుడు మొదలైంది, ఏ చెయ్యి, చిన్నప్పుడు మూర్ఛలు వచ్చినయా, తలకు దెబ్బలు తగిలినయా, అన్నీ. రాసే పని చెప్తే పట్వారికి ఇంకేం కావాలె? ఇరవై ఏండ్లు ఊరోళ్ల భూముల పహాణీ రాసినోణ్ణి, ఇప్పుడు నా తలకాయ పహాణీ రాసుకుంటున్న. ఖానాలు గీసి ఒక్కొక్కటి నింపుకుంట వచ్చిన. చిన్నప్పటి ఖానా ఒక్కటే ఖాళీగున్నది. అవ్వ, బాపు ఇద్దరూ లేరు. నింపేదానివి నువ్వే.

ఎడమ చెవి మీద, వెంట్రుకల లోపల నాకొక మచ్చ ఉన్నది కదా, నువ్వు నన్ను చంకల నుంచి గడప మీద పడేసిన మచ్చ. నా పెండ్లిల కూడ ఆ ముచ్చట చెప్పి నిన్ను ఎక్కిరించినం. ఆ పడుడు ఇప్పుడు అక్కరకొచ్చింది. అప్పుడు నాకెన్నేండ్లు? స్పృహ తప్పిందా? వాంతి అయ్యిందా? ఉన్నదున్నట్టు రాయి, నీ మీద ఫిర్యాదు చేయను.

మధుసూదన్‌కు బెల్లంపల్లి బొగ్గుబాయి ఆఫీసుల నౌకరీ ఖాయమైందని విని సంతోషం. నీ కొడుకుకు మా సరళనిచ్చే మాట మాఘమాసానికే అనుకున్నం. నా తల సంగతి ఎట్లున్నా ఆ మాట కదలదు.

నీ తమ్ముడు,
జనార్దన్‌రావు


లక్షెట్టిపేట,
21-6-1961.

చిరంజీవి తమ్మునికి దేవకి దీవెనలు.

నీ ఉత్తరం మీ బావ చదివి వినిపిస్తుంటే నా చేతుల చాట అట్లనే కింద పడ్డది. బియ్యమంత వాకిట్ల పోయినయి. కోళ్లకు పండుగైంది. గడ్డ అంటే ఎంత ఉన్నదట? నిమ్మకాయంతనా, రేగ్గాయంతనా? అది రాయలేదేం?

ఇక్కడ వానలు ఇంకా పట్టలే. గోదావరిల నీళ్లు మోకాలుబంటి ఉన్నయి. మా బర్రె ఈనింది, దూడ నిలబడనీకె మూడు రోజులు తీసుకున్నది. నీకని మామిడికాయ తొక్కు జాడీకి పెట్టిన, ఎవరన్న ఇటు వస్తే పంపుత. కారం తక్కువ వేసిన, తలనొప్పికి కారం మంచిది కాదని.

గడప మీద పడ్డ ముచ్చట డాక్టర్లకెందుకు? ఎన్నడో జరిగింది. చిన్నపిల్లలు పడకుంట పెరుగుతరా? మూర్ఛలా గీర్ఛలా నీకేం రాలే. మన ఇంటావంటా లేవు. లేవనే రాసుకో. పాతయి తవ్వుకుంట కూచుంటే లేని రోగం కూడ అంటుకుంటది.

పెండ్లి మాట ఇప్పుడు ఎత్తకు. మాఘమే కావాల్నని ఏమున్నది? ముందుగాల నీ పానం కుదుటపడనీయి. అటెనుక చూద్దాం.

వేములవాడ రాజన్నకు కోడెను కట్టిస్తనని మొక్కిన. నువ్వు కూడ పోయి మొక్కుకొనిరా. మరదలిని ఏడ్వద్దను.

మీ అక్క,
దేవకి


సుల్తానాబాద్,
9-7-1961.

అక్కకు నమస్కారాలు.

పోయొచ్చిన. పెద్దపల్లిల రైలెక్కిందాక నీ మరదలు నా కుడిచెయ్యి ఇడువలేదు, అదేదో పారిపోతదన్నట్టు. దవాఖానల నా పక్క చెక్కబల్ల మీద తలకు గుడ్డ చుట్టుకొని పది మంది కూచున్నరు. మేమంతా ఒకరి తలలు ఒకరం చూసుకుంట, "నీకెక్కడ? నాకిక్కడ" అని మాట్లాడుకున్నం. సంతల ఎడ్ల పండ్లు చూసుకున్నట్టే ఉండె.

డాక్టరుగారు మెత్తటి మనిషి. నా పహాణీ మొత్తం చదివి, "ఇంత శుభ్రంగ ఏ రోగీ రాసుకురాలేదు" అన్నరు. నాకు గర్వమైంది. అటెనుక కండ్లు మూసుకోమని ఒక వస్తువు ఎడమచేతిల పెట్టిండ్రు. తాళంచెవి అన్న. అదే వస్తువు కుడిచేతిల పెట్టిండ్రు. ఎంత తడిమినా ఏమిటో తెలువలే. సన్నగున్నది, చల్లగున్నది, అంతే. కండ్లు తెరిచి చూస్తే తాళంచెవి. ఆ కుడిచేతితోనే నేను ఇంతకాలం రాసిన. నా గర్వమంతా అక్కడనే దిగిపోయింది.

మరునాడు మెడల సూది గుచ్చి మందెక్కించి మళ్లా ఫొటోలు తీసిండ్రు. అవి చూసి డాక్టరుగారు చెప్పింది నాకర్థమైనంత నీకు రాస్తున్న, జాగ్రత్తగ చదువు. ఆ గడ్డ రెండు తీర్లల ఏదో ఒకటి కావచ్చు. నిన్నమొన్న మొలిచి జోరుగ పెరిగేదైతే తల కోసినా లాభం లేదు. ఉన్న నాలుగు నెలలు దవాఖానల పండబెట్టుడే అయితది, అందుకే కోయరు. పుట్టుకతోనే ఉండి మెల్లగ పెరిగేదైతే పొరతో సహా తీయవచ్చు, మనిషి బతుకుతడు. ఫొటోలు చూస్తే రెండు తీర్లగ కూడ అనిపిస్తున్నదట. "చిన్ననాడు మూర్ఛలు ఉండెనా లేదా అన్నది తెలిస్తే నేను నిర్ణయం చేస్త" అన్నరు. లేవని మా అక్క రాసిందన్న.

అప్పుడు నా చెవి మీది మచ్చను వేలితో తడిమి చూసిండ్రు. "ఇది ఎట్లయింది?" అంటే గడప కథ చెప్పిన. వారు తల ఊపి, "దెబ్బ తగిలితే చీరుకుపోతది. ఇది గుండ్రంగ, గుంటగ ఉన్నది. కాలిన మచ్చ. మీ అక్కగారిని మళ్లొకసారి అడుగుండ్రి" అన్నరు. ఆగస్టు మూడుకు రమ్మన్నరు.

అందుకే మళ్లా అడుగుతున్న అక్కా. నేనెన్నడన్న కాలిననా? నీ దగ్గర ఏమన్న కోపగించుకుంటనా నేను?

పెండ్లి తరువాత చూద్దామన్నవు. ఆ మాట నీదా, బావగారిదా? నీ మరదలు ఆ వరుసను నాలుగుసార్లు చదివించుకున్నది.

నీ తమ్ముడు,
జనార్దన్‌రావు


లక్షెట్టిపేట,
15-7-1961.

చిరంజీవి తమ్మునికి దీవెనలు.

నాకేం యాదికి లేదు. నేను కూడ చిన్నదాన్నే గదా. అవ్వ ఉంటే అడిగేటోళ్లం. ఇటువంటివి ఉత్తరాలల్ల రాయకు. ఉత్తరం ఎవరి చేతిల పడుతదో నీకు తెలుసు.

పెండ్లి ముచ్చట నాదే. మీ బావ ఏమనలే. నన్ను గుచ్చి గుచ్చి అడగకు తమ్మీ, రాత్రి నిద్ర పడతలేదు. రాజన్న మీద భారం వేసిన.

మరదలికి, సరళకు దీవెనలు.

దేవకి


సుల్తానాబాద్,
22-7-1961.

శ్రీమతి దేవకమ్మగారి సముఖమునకు జనార్దన్‌రావు నమస్కరించి రాయు విన్నపము.

మీ ఉత్తరం చేరింది. మీరు రాయని సంగతి కూడ చేరింది.

తలలో గడ్డ ఉన్న మనిషి బిడ్డను తెచ్చుకోవాలంటే ఎవరికైనా వెనుకముందు ఉంటది. ఉత్తరాలు ఎవరి చేతిల పడుతయో అని మీరు భయపడుతున్నరంటే, మా ఇంటి రోగం మీ ఇంట్ల వినబడుడు మీకు తలవంపు అని అర్థమైంది. నేను తప్పు పట్టను. మీ స్థానంల నేనుంటే ఏం చేసేటోన్నో నాకు తెలువదు. సరళ మధుసూదన్‌ల మాట ఇవాళ్టితో వదులుకుంటున్న. బావగారు ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఇక్కడ ఆగనక్కర లేదు, ముందుకు చదవవచ్చు.

డాక్టరుగారికి కూడ అదే చెప్పుత. చిన్నప్పటి సంగతి తెలిసినవారు ఎవరూ లేరని. వారు ఆపరేషన్ వద్దంటరు, మందులిస్తరు. బాధ లేదు. పట్వారిగిరీ కాగితాలు మా పెదనాన్న మనుమడు హనుమండ్లరావుకు ఒప్పజెప్పుతున్న. ఎడమచేతితో సంతకం నేర్చుకుంటున్న, అచ్చం బడిల కొత్తగ వేసిన పిల్లగాని లెక్కనే వస్తున్నది.

మొన్న సరళ అడిగింది, "బాపూ, అత్త వస్తలేదా" అని. వానలు పడుతున్నయి, గోదావరి నిండింది, పడవలు నడుస్తలేవన్న.

మీరు పంపిన తొక్కు చేరింది. కారం సరిగ్గనే ఉన్నది.

ఇట్లు,
జనార్దన్‌రావు


లక్షెట్టిపేట,
27-7-1961.

తమ్మీ,

మీరు అని రాసినవు నాకు. నేనెత్తుకొని పెంచిన పోరడు నన్ను మీరు అన్నడు. మీ బావ ఆ ఉత్తరం చదివి, మడత పెట్టి, నా ముందట పెట్టి, గొడుగు తీసుకొని బయటికి పోయిండు. మరునాడు పింఛను కాగితాల పని ఉన్నదని కరీంనగర్ పోయిండు. నాలుగు రోజులయితదన్నడు. ఆయన లేడు కాబట్టే ఇది రాస్తున్న. మా వాడకట్టు కిరాణం రామచంద్రం పెద్దపల్లికి వస్తుండు, ఆయన చేతికిచ్చి పంపుతున్న. ఒత్తులు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి.

నువ్వు గడప మీద పడలే. నేను నిన్ను ఎన్నడూ పడేయలే తమ్మీ.

నీకు నాలుగేండ్లు, నాకు పదకొండు. ఆ ఎండాకాలం నీకు మూడుసార్లు మూర్ఛ వచ్చింది. కుడిచెయ్యే ముందుగాల కొట్టుకునేది, అటెనుక కండ్లు పైకి పోయేవి. మూడోసారి వచ్చిననాడు బాపు ఊర్ల లేడు. ఇంట్ల అవ్వ, నేను, వడ్లు దంచ వచ్చిన ఐలవ్వ. నువ్వు ఎంతకూ తెప్పరిల్లలే. పెదవులు నల్లబడ్డయి.

"దొర్సానీ, వాత పెట్టుండ్రి. జల్ది పెట్టుండ్రి, లేకుంటే పోరడు దక్కడు" అన్నది ఐలవ్వ. అనుకుంటనే పొయ్యిల ఇనుప చువ్వ పెట్టింది. ఎర్రగ కాలినంక అవ్వ పట్టుకున్నది. నీ దాక వచ్చి కింద పడేసింది. "నాతోని గాదు బిడ్డా. కన్నచెయ్యి గిది. నువ్వు పెట్టు" అన్నది. అవ్వ నీ తల పట్టుకున్నది, ఐలవ్వ కాళ్లు పట్టింది. నేను పెట్టిన. ఆ వాసన నాకు ఇంకా పోలే. ఇప్పటికీ వెంట్రుకలు కమిలిన వాసన వస్తే నేను అన్నం తినలేను, మీ బావ అడిగితే పిత్తం అంటా.

నువ్వు అప్పుడు కండ్లు తెరిచినవు. నన్ను చూసి నవ్వినవు. నొప్పి తెలిసి ఏడ్చింది అటెనుక.

అదే నెలల మీ బావ వాండ్లు నన్ను చూడ వచ్చేది ఉండె. మూర్ఛ ఉన్న ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటరు? అవ్వ నన్ను దేవుని అర్రల కూసుండబెట్టి, దీపం మీద చెయ్యి పెట్టించి ఒట్టు తీసుకున్నది. "ఎవలడిగినా నేనే పడేసిన అను. సచ్చేదాక గదే అను" అన్నది. అన్న. మీరంత నవ్వుతుంటే నేను కూడ నవ్విన. నా పెండ్లి నిలబెట్టనీకె ఆడిన అబద్ధం గదా, నేను మోయక ఎవరు మోస్తరు?

తరువాత నీకు ఏడాదికొకటి, రెండు వచ్చినయి. ఎనిమిదేండ్లు వచ్చేసరికి ఆగిపోయినయి.

సరళ అంటే నాకు కండ్ల మీది రెప్ప. మాఘం వద్దన్నది ఎందుకో విను. ఒకసారి నా పెండ్లికి ఆ ఇంట్ల దాచిన. ఇప్పుడు నా కొడుకు పెండ్లికి మళ్లా దాచుడు అంటే నాకు ధైర్యం చాలలే. అంతే తమ్మీ. నీ రోగానికి తలవంపు అనుకుంటే నా కండ్లు పోను.

ఇంకొక్క భయం ఉన్నది, అదే నన్ను తింటున్నది. గడ్డ ఎడమ దిక్కే అంటివి. నేను కాల్చింది కూడ ఎడమ దిక్కే. ఆ సురుకే లోపలికి దిగి గడ్డ కట్టిందా? డాక్టరును ఆ ఒక్కమాట అడుగు. ఏం చెప్పినా నాకు రాయి, దాచకు. ఇది డాక్టరుకు చూపెట్టు. ఒట్టు తప్పిన పాపం ఎట్లొస్తే అట్ల రానీయి. నువ్వు బతకాలె.

దేవకి


హైదరాబాదు,
5-8-1961.

అక్కా,

నాకు రాత పూర్తిగ ఆగిపోకముందే ఈ ఉత్తరం ముగించాలె. మూడు పూటల సంది రాస్తున్న. దీన్ని పోస్టులనే వేస్తున్న, బావగారు చదవాలనే వేస్తున్న. ఎందుకో కింద తెలుస్తది.

రామచంద్రం నీ ఉత్తరమిచ్చిననాడు దాన్ని నీ మరదలికి కూడ చూపెట్టకుండ దొడ్లెకు పోయి చదువుకున్న. నీకు "మీరు" అని రాసిన చెయ్యి విరగాలె అనుకున్న. అదెట్లాగూ విరిగినట్టే ఉన్నది కాబట్టి వేరే శిక్ష అక్కర లేదు. నన్ను మన్నించు. నా పెండ్లిల పదిమందిల నిన్ను పట్టుకొని "తమ్ముణ్ణి పడేసిన అక్క" అని నవ్వించింది నేనే. నువ్వు కూడ నవ్వినవు. 

మొన్న మూడో తారీఖు డాక్టరుగారి ముందట కూచున్న. అడగవలసినవి పదకొండు ప్రశ్నలు నంబర్లు వేసి రాసుకొని పోయిన. బతుకుతనా, మాట ఉంటదా, చెయ్యి ఉంటదా, ఇట్ల. "చెప్పుండ్రి, ఏం అడుగుతరు" అన్నరు. ఆ కాగితం జేబులనే ఉంచి నీ ప్రశ్న అడిగిన. వారు మళ్లొకసారి మచ్చను చూసి, తల ఫొటో వెలుగుకు పట్టి నాకు చూపెట్టిండ్రు. "వేడి చర్మం దాటలేదు. ఎముక మీద గీత కూడ లేదు. గడ్డ మీ అక్క కాల్చకముందు నుంచే ఉన్నది, అందుకే మూర్ఛలు వచ్చినయి. ఆమెకూ గడ్డకూ ఏ సంబంధం లేదని రాయుండ్రి" అన్నరు. రాస్తున్న. సంబంధం లేదు అక్కా. ఇది వారి మాట, నా ఓదార్పు కాదు.

అటెనుక నీ ఉత్తరమిచ్చిన. చదివి వారు, "ఇది రెండో సాక్ష్యం" అన్నరు. మొదటిది ఎవరిదన్న. ఇరవై తొమ్మిదో తారీఖునాడు ఒక పెద్దమనిషి వచ్చి, పొద్దటి సంది చెక్కబల్ల మీద కూచొని, అందరు రోగులు పోయినంక లోపలికి వచ్చిండట. "ఫలానా రోగికి నాలుగేండ్ల వయసుల మూర్ఛలు ఉండె, తలకు వాత పెట్టిండ్రు. అతని తండ్రి స్వయంగా నాతో చెప్పిండు. నా పేరు అడగకండి, నేను వచ్చినట్టు వాళ్లక్కకు తెలువకూడదు" అన్నడట. ఎట్లుంటడన్న. కోటు, చేతిల గొడుగు. పోతూ పోతూ తలుపు మీది బోర్డుల ఒక మాటకు ఒత్తు తప్పున్నదని చెప్పి, కంపౌండరుతో దిద్దించి పోయిండట.

పింఛను కాగితాలు ఏ కచేరీల దొరికినయో ఆయననే అడుగు.

ఆపరేషన్ పదకొండో తారీఖు, శుక్రవారం. గడ్డ మెల్లగ పెరిగేదేనని నూటికి తొంభై పాళ్లు నమ్మకంగ ఉన్నరు. మాట, కుడిచెయ్యి కొన్నాళ్లు పోవచ్చు, పూర్తిగ కూడ పోవచ్చు. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టిన, కుడిచేతితోనే. భయం లేదని రాస్తే అబద్ధం. చానా భయమున్నది. కాని పదిహేను రోజుల కింద చావుకు తయారై కూచున్నోణ్ణి, ఇప్పుడు భయపడనీకె ఒక కారణం దొరికింది.

నీ తమ్ముడు,
జనార్దన్


లక్షెట్టిపేట,
9-8-1961.

మా తమ్మునికి,

ఇది శుక్రవారం లోపల అందుతదో లేదో. నీ ఉత్తరం ఎప్పటిలాగనే మీ బావే చదివిండు. గొడుగు పెద్దమనిషి కాడికి వచ్చి ఆగిండు. "చదువుండ్రి" అన్న. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "బోర్డుల తప్పున్నమాట నిజమే" అన్నడు.

నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువలే. గట్టిగ నిలదీసిన. అప్పుడు చెప్పిండు. "లగ్నం పెట్టుకునే ముందే మీ బాపు నన్ను చేనుకాడికి తోలుకపోయి, చెయ్యి పట్టుకొని అంత చెప్పిండు. దాచి పిల్లనియ్య, ఇష్టముంటేనే చేసుకో అన్నడు. ఒక్కటే అడిగిండు. పిల్ల చేతనే కాల్పిచ్చిండ్రు, అది యాది జేస్తే తట్టుకోదు, దాని ముందట ఎన్నడూ ఎత్తకు అన్నడు. మాటిచ్చిన."

ముప్పై ఏడేండ్లు తమ్మీ. నేను ఆయనకు దాచుకుంట, ఆయన నాకు దాచుకుంట ఒక్క పీట మీద పూజలు చేసినం. నాకు కోపం కూడ వచ్చింది. ముందే చెప్తే నాకు ఇన్నేండ్ల వణుకు తప్పేది గదా అన్న. "నువ్వే చెప్తవేమోనని చూసిన. మొన్న వాడు మీరు అని రాసిననాడు ఇగ చూడబుద్ధి కాలే" అన్నడు. వెంట్రుకలు కమిలితే నేను అన్నం మానేసేది పిత్తం కాదని కూడ ఆయనకు తెలుసట. అందుకేనట, వెంట్రుకలు మంటల పడుతయని మంగలిని ఎన్నడూ ఇంటికాడ దీపం దగ్గర కూచోనీయలే.

కింద ఆయన ఒక వరుస రాస్తనంటుండు, రాయనిస్తున్న.

(ముహూర్తం మార్చవలసిన అవసరం కనబడదు. మాఘ శుద్ధ పంచమి. వధువు తండ్రి స్వయంగా కన్యాదానం చేయవలెను. ఇది ఆజ్ఞ.)

చూసినవా, ప్రేమగ ఒక్కమాట రాయరాదు ఈ మనిషికి.

ధైర్యంగ ఉండు. గుండు చేసిననాడు మచ్చ అందరికీ కనబడుతది, కనబడనీయి. దాచేది ఏం లేదు ఇప్పుడు.

అక్క


సుల్తానాబాద్,
2-11-1961.

అక్కకు, బావగారికి నమస్కారాలు.

అక్షరాలు చూసి గాబరాపడకు. కోడి కెలికినట్టున్నా కుడిచేతివే. నాలుగు రోజులు పట్టింది. బావగారు దిద్దేటందుకు ఈసారి సిరా చాలదు.

గడ్డ నిమ్మకాయంత ఉండెనట, నువ్వు మొదటి ఉత్తరంల అడిగినవు కాబట్టి రాస్తున్న. పొరతో సహా ఊడి వచ్చింది. తొమ్మిది రోజులు నాకు మాట లేదు. నీ మరదలు అడిగినదానికి కండ్లతోనే జవాబు చెప్పిన. నువ్వు దవాఖానకు వచ్చి నా మంచం పక్క కూచున్న మూడు రోజులల్ల ఒక్కమాట కూడ చెప్పలేకపోయిన. చెప్పాలనుకున్నది ఇప్పుడు రాస్తున్న.

ఇంటికి పంపేముందు డాక్టరుగారు ఒక సంగతి చెప్పిండ్రు. గడ్డ పోయినా అప్పుడప్పుడు మూర్ఛ రావచ్చు, గోలీలు వేసుకోవాలె, ఇంట్ల అందరికీ తెలిసి ఉండాలె అని. ఇంటికి రాంగనే అందరినీ కూసుండబెట్టి చెప్పిన. నన్ను చూడ వచ్చిన మధుసూదన్ కూడ ఉన్నడు. సుంకరి అంతయ్యకు, వంటకొచ్చే లింగవ్వకు, వాకిట్లకు వచ్చిన ప్రతి మనిషికి చెప్పిన. "నాకు మూర్ఛ ఉన్నది, చిన్ననాటి సంది ఉన్నది" అని. మొదటిసారి తల దించుకొని అన్న. నాలుగోసారికి మామూలయింది. ఊర్ల ఎవరూ మీద పడలే. లింగవ్వ మాత్రం, "మా చెల్లెకు గూడ ఉన్నది దొరా, చెప్పుకోలే" అని కొంగు నోట్ల పెట్టుకున్నది.

మొన్న గురువారం పొద్దున వచ్చింది. ఇంటి ముందటి కచ్చీరు అరుగు మీద కూచొని ఉంటే వేళ్లు కొట్టుకునుడు మొదలైంది, అంతవరకే నాకు యాదికున్నది. మిగిలింది సరళ చెప్పింది. ఇంట్లవాళ్లు చేసిందేమీ లేదు అక్కా. నన్ను పక్కకు ఒరిగించిండ్రు, తల కింద మెత్తటి బట్ట పెట్టిండ్రు, మూర్ఛ తగ్గేదాక పక్కన కూచున్నరు. డాక్టరుగారు చెప్పింది అంతే. ఇంకేం చేయవద్దన్నరు. కండ్లు తెరిచేసరికి నా తల సరళ ఒడిలో ఉన్నది. పొయ్యి దిక్కు ఎవరూ ఉరకలే.

అప్పుడు నువ్వు యాదికొచ్చినవు. నీకు పదకొండేండ్లు. పక్కన కూచుంటే చాలు బిడ్డా అని ఆనాడు నీకు చెప్పేటోళ్లు ఒక్కరూ లేకపోయిరి.

నీ తమ్ముడు,
జనార్దన్